సెల్‌ఫోను, మెదడు, ఆందోళన: తరంగాల భయం ఒకవైపు, అసలు నష్టం మరోవైపు

సెల్‌ఫోను వల్ల మెదడుకు హాని జరుగుతుందా అనే ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఫోను నుంచీ టవరు నుంచీ వెలువడే రేడియో తరంగాలు మెదడు కణాలను దెబ్బతీస్తాయా అన్నది మొదటిది. పొద్దున లేచింది మొదలు రాత్రి కళ్లు మూతపడే దాకా ఫోనును వదలలేకపోవడం నిద్రనూ ఏకాగ్రతనూ మనశ్శాంతినీ చెడగొడుతుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ దొరికిన ఆధారాలు ఒకే స్థాయివి కావు, వాటిని బట్టి తీసుకోవలసిన జాగ్రత్తలూ ఒకటి కావు. అయినా జనంలో ఉన్న భయమంతా మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. డాబా మీద టవరు పెడతామంటే కాలనీ అంతా ఏకమై అడ్డుకుంటుంది. అదే కాలనీలో ఇంటర్ చదివే పిల్లవాడు రాత్రి ఒంటిగంట దాకా దుప్పట్లో ఫోను చూస్తుంటే అది ఆ ఒక్క ఇంటి గొడవగా మిగిలిపోతుంది. ఇప్పటివరకు పోగైన పరిశోధన ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంది. తరంగాల వల్ల మెదడుకు జబ్బు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. వాడకం తీరు వల్ల, ముఖ్యంగా నిద్ర విషయంలో, జరిగే నష్టానికి మాత్రం తగినంత ఆధారం ఉంది.

ముందుగా తరంగాల సంగతి చూడాలి. ఎండ, ఎక్స్‌ కిరణాలు, ఫోను సిగ్నళ్లు అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే అయినా వాటి శక్తిలో ఉన్న తేడా చాలా పెద్దది. ఎక్స్‌ కిరణాలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత, డీఎన్‌ఏ పోగులను తెంచేంత శక్తి ఉంటుంది కనుకనే అవి కేన్సర్‌కు కారణం కాగలవు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఫోను తరంగంలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఆ శక్తి వచ్చే అతి చిన్న మోతాదుకు, ఉండే శక్తి, మన కంటికి కనిపించే మామూలు వెలుతురులోని ఫోటాన్ శక్తి కంటే లక్షల రెట్లు తక్కువ. అలాంటి ఫోటాన్లు ఎన్ని వచ్చి తగిలినా రసాయన బంధాలు తెగవు. కణజాలం కొద్దిగా వేడెక్కుతుంది, అంతే. ఆ వేడి కూడా మెదడులో డిగ్రీలో పదో వంతు స్థాయిని మించదని అంచనా. గంటసేపు మాట్లాడాక చెవి మండినట్టు అనిపించడానికి ఎక్కువగా కారణమయ్యేది బ్యాటరీ, ప్రాసెసర్ల నుంచి పుట్టే వేడీ, చెవికి గాలి తగలకపోవడమూ.

వేడెక్కడమే నిర్ధారణ అయిన ప్రభావం కాబట్టి ప్రభుత్వాలు పెట్టిన పరిమితులు కూడా దాన్నే ఆధారం చేసుకున్నాయి. ఒక కిలో కణజాలం ఎన్ని వాట్ల శక్తిని పీల్చుకుంటుందో చెప్పే కొలతను ఎస్‌ఏఆర్ అంటారు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఈ పరిమితి, ఒక గ్రాము కణజాలం మీద సగటున, కిలోకు 1.6 వాట్లు. అంతకుముందు పది గ్రాముల సగటు మీద 2 వాట్లుగా ఉండేది. ఐరోపాలో ఇప్పటికీ ఆ పాత లెక్కే నడుస్తోంది. టవర్ల విషయంలో కూడా అదే రోజు నుంచి, అంతర్జాతీయ సంస్థ సూచించిన పరిమితిలో పదో వంతునే మన దేశం అమలు చేస్తోంది. ఫోనులో *#07# అని నొక్కితే ఆ మోడల్ ఎస్‌ఏఆర్ విలువ తెర మీద కనిపిస్తుంది. ఈ పరిమితులు కాగితం మీదివే అనుకోనక్కర్లేదు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్‌ నియంత్రణ సంస్థ ఐఫోన్ 12ను పరీక్షించి, చేతిలోనో జేబులోనో పెట్టుకున్నప్పుడు వర్తించే 4 వాట్ల పరిమితికి బదులు 5.74 వాట్లు నమోదైందని తేల్చి, దాని అమ్మకాలను నిలిపివేయించింది. సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశాకే అమ్మకానికి దారి దొరికింది. పరిమితి దాటినంత మాత్రాన ఎవరికో జబ్బు చేసిందని అర్థం కాదు, ఎందుకంటే హాని మొదలయ్యే స్థాయికి బాగా దిగువనే ఈ గీతలు గీశారు. కాని గీత దాటినవారిని నిలదీసే వ్యవస్థ ఉండటం అవసరం.

ఎస్‌ఏఆర్ విలువను చూసి ఫోను కొనేవారు గమనించని విషయం ఒకటుంది. ఆ అంకె ఫోను పూర్తి సామర్థ్యంతో తరంగాలను వెలువరించినప్పటిది. నిజ జీవితంలో ఫోను తన శక్తిని క్షణక్షణానికీ మార్చుకుంటూ ఉంటుంది. టవరు దగ్గరగా ఉండి సిగ్నల్ బాగుంటే అతి తక్కువ శక్తితో మాట్లాడుతుంది. లిఫ్టులో, సెల్లారులో, ఊరి పొలిమేరలో, పరుగెత్తే రైల్లో ఒక్క గీత సిగ్నల్‌తో కొట్టుకుంటున్నప్పుడు శక్తిని గరిష్ఠానికి పెంచుకుంటుంది. చెవికి ఆనుకుని ఉన్న ఫోను నుంచి తలకు చేరే తరంగాలు, వీధి చివరి టవరు నుంచి చేరేవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ తరంగాల తీవ్రత చాలా వేగంగా పడిపోతుంది. కాబట్టి టవరును కాలనీ నుంచి తరిమేస్తే అక్కడివారి తలకు చేరే తరంగాలు తగ్గకపోగా, బలహీనమైన సిగ్నల్ కోసం ఫోన్లు గట్టిగా పనిచేయాల్సి వచ్చి పెరిగే అవకాశమే ఎక్కువ. టవరుకు వ్యతిరేకంగా సంతకాలు సేకరించేవారికి ఈ ముక్క ఎవరూ చెప్పకపోవడం విచారకరం.

కేన్సర్ భయానికి అధికారికమైన ఊతం 2011 మే నెలలో దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 14 దేశాల నుంచి 31 మంది శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి, రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే 'కేన్సర్ కారకం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం' అనే వర్గంలో చేర్చింది. ఈ వర్గీకరణ ఆధారాల బలాన్ని చెబుతుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. కలబంద ఆకు మొత్తంగా తీసిన సారం, ఆసియా దేశాల్లో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా అదే వర్గంలో ఉన్నాయి; ఆ రెండోది చైనా, కొరియా ప్రాంతాల పద్ధతి గురించినది కనుక మన ఆవకాయ ప్రేమికులు కంగారు పడనక్కర్లేదు. ఆనాటి నిర్ణయానికి ముఖ్యంగా తోడ్పడినవాటిలో ఒకటి 13 దేశాల్లో జరిగి 2010లో వెలువడిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. అందులో మొత్తం మీద ఫోను వాడేవారికి మెదడు కణితుల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. కాని అందరికంటే ఎక్కువగా, మొత్తం 1,640 గంటలకు పైగా మాట్లాడినట్టు చెప్పిన పదో వంతు మందిలో గ్లయోమా అనే కణితి ముప్పు 40 శాతం ఎక్కువగా కనిపించింది. అక్కడే ఒక చిక్కు ఉంది. ఆ గంటలన్నీ రోగులు జ్ఞాపకం మీద చెప్పినవి. మెదడులో కణితి ఉందని తెలిసిన మనిషి, ఇది నాకు ఎందుకు వచ్చిందా అని వెతుక్కుంటూ తన ఫోను వాడకాన్ని ఎక్కువ చేసి చెప్పడం సహజం; కొందరైతే రోజుకు పన్నెండు గంటలకు పైగా మాట్లాడేవాళ్లమని కూడా చెప్పారు. ఈ పక్షపాతాల వల్ల కారణకార్య సంబంధాన్ని తేల్చలేమని అధ్యయనం చేసినవారే రాసుకున్నారు.

జ్ఞాపకం మీద ఆధారపడని అధ్యయనాలు ఏం చెప్పాయన్నది అందుకే ముఖ్యం. డెన్మార్క్‌లో 3,58,000 మందికి పైగా ఫోను చందాదారుల వివరాలను దేశపు కేన్సర్ రిజిస్టరుతో సరిపోల్చి చూసి 2011లో ప్రకటించిన ఫలితాల్లో ముప్పు పెరిగినట్టు కనబడలేదు. బ్రిటన్‌లో దాదాపు 7,76,000 మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2022లో వెల్లడించిన అధ్యయనంలోనూ, రోజూ ఫోను వాడేవారికీ అసలు వాడనివారికీ మెదడు కణితుల్లో తేడా లేదు. పిల్లల మెదడు లేతది, పుర్రె పల్చన కాబట్టి వారి సంగతి వేరేమో అన్న సందేహం న్యాయమైనదే. దాన్ని తేల్చడానికి 10 నుంచి 24 ఏళ్ల వయసువారి మీద 14 దేశాల్లో జరిపిన మోబి-కిడ్స్ అధ్యయనంలో మన దేశం కూడా పాలుపంచుకుంది. అక్కడా సంబంధం కనిపించలేదు. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల నాయకత్వంలో 63 అధ్యయనాలను జల్లెడ పట్టి 2024లో వెలువరించిన సమీక్ష, పదేళ్లకు మించి వాడినవారిలో సైతం మెదడు కేన్సర్‌తో సంబంధం లేదని తేల్చింది. వీటన్నిటికీ మించి కళ్లెదుట ఉన్న సాక్ష్యం ఇంకొకటి. 1990ల తరవాత ఫోన్ల వాడకం ఎన్నో రెట్లు పెరిగినా, రోగుల వివరాలు పక్కాగా నమోదయ్యే స్కాండినేవియా దేశాల్లో గ్లయోమా కేసులు ఆ పెరుగుదలను అనుసరించలేదు. ఇంటర్‌ఫోన్‌లో కనిపించిన 40 శాతం ముప్పు నిజమే అయితే అది ఈపాటికి రిజిస్టర్లలోకి ఎక్కి ఉండాలి.

అటువైపు వాదించేవారు తరచు ఎత్తిచూపేది అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2018లో ప్రకటించిన ఎలుకల ప్రయోగం. మగ ఎలుకల గుండెలో ఒక రకం కణితులు పెరగడానికి స్పష్టమైన ఆధారం ఉందని ఆ నివేదిక చెప్పిన మాట వాస్తవమే. ఆ ఎలుకలను తల్లి గర్భంలో ఉన్నప్పటి నుంచి రెండేళ్ల పాటు, రోజుకు తొమ్మిది గంటల లెక్కన, ఒళ్లంతా తరంగాలకు గురిచేశారు. అదే ప్రయోగంలో ఆడ ఎలుకల్లో ఆ ప్రభావం అంత స్పష్టంగా లేదు, పైగా తరంగాలకు గురైన మగ ఎలుకలు మామూలు ఎలుకల కంటే ఎక్కువ కాలం బతికాయి. తరంగాలు కేన్సర్ తెస్తాయని దీన్నుంచి ఖాయం చేసుకునేవారు, తరంగాలు ఆయుష్షు పెంచుతాయని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది.

తరంగాల ప్రభావం శూన్యమని కూడా అనకూడదు. అమెరికాలో మాదకద్రవ్య వ్యసనాల పరిశోధనకు పేరుపొందిన నోరా వోల్కో బృందం 2011లో 47 మంది మీద ఒక ప్రయోగం చేసింది. శబ్దం రాకుండా చేసి, ఆన్‌లో ఉంచిన ఫోనును 50 నిమిషాల పాటు చెవి దగ్గర పెట్టి స్కాన్ తీస్తే, యాంటెనాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో గ్లూకోజు వినియోగం సుమారు 7 శాతం పెరిగినట్టు కనిపించింది. దీనివల్ల మంచో చెడో జరుగుతుందని ఆ బృందం చెప్పలేదు. ఏదైనా ఆలోచించినా, బొమ్మను చూసినా మెదడులో ఇలాంటి మార్పులు వస్తూనే ఉంటాయి. అయినా ఎక్కువసేపు మాట్లాడేటప్పుడు స్పీకరో ఇయర్‌ఫోనో వాడటం ఖర్చు లేని జాగ్రత్త. అంతకుమించి, ఫోను వెనక అంటించుకునే 'రేడియేషన్ చిప్పు'లకు డబ్బు తగలేయడంలో అర్థం లేదు. అవి నిజంగానే సిగ్నల్‌ను అడ్డుకుంటే, ఫోను మరింత శక్తితో తరంగాలను పంపుతుంది.

తరంగాలకూ ఆందోళనకూ ఉన్న నిజమైన సంబంధం వేరే చోట ఉంది. ఫోను దగ్గరుంటే తలనొప్పి, గుండెదడ, నిద్రలేమి వస్తున్నాయని చెప్పేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారి బాధ నటన కాదు. అయితే 2005లో బ్రిటన్ పరిశోధకులు అలాంటి 725 మంది మీద జరిగిన 31 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, తరంగాలు ఎప్పుడు ఉన్నాయో ఎప్పుడు లేవో చెప్పకుండా పరీక్షిస్తే వారు తేడాను పసిగట్టగలరనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. 2013లో వెలువడిన ఇంకో ప్రయోగం మరీ ఆలోచింపజేసేది. 147 మందిలో కొందరికి వైఫై ప్రమాదకరమని చెప్పే టీవీ కార్యక్రమాన్ని, మిగతావారికి వేరే కార్యక్రమాన్ని చూపించారు. ఆపైన వైఫై సిగ్నల్ ప్రసారం చేస్తున్నామని చెప్పి, నిజానికి ఏ తరంగమూ లేకుండా పావుగంట కూర్చోబెట్టారు. సగానికి పైగా మంది ఏవో బాధలు కలిగాయని చెప్పారు, కొందరు మధ్యలోనే లేచిపోయారు. అసలే ఆందోళన స్వభావం ఉండి, భయపెట్టే కార్యక్రమం చూసినవారిలో ఆ బాధలు ఇంకా ఎక్కువ. హాని జరుగుతుందని గట్టిగా నమ్మితే శరీరం ఆ హానిని అనుభవించినట్టే స్పందిస్తుంది. 2021 మే నెలలో, కోవిడ్ రెండో ఉప్పెన నడుమ, 5జీ పరీక్షల వల్లే జనం చనిపోతున్నారన్న పుకారు ఎంతగా పాకిందంటే, అప్పటికి దేశంలో ఎక్కడా 5జీ ప్రసారమే మొదలు కాలేదని టెలికాం శాఖ ప్రకటన చేయాల్సి వచ్చింది. భయం పుట్టించే వీడియోను పదిమందికి పంపేవారు మంచి చేస్తున్నామనుకునే పంపుతారు. కాని ఆందోళనకు లోనయ్యే మనిషికి ఆ వీడియో చేసే కీడు, ఆ ఫోను తరంగాలు చేసేదానికంటే ఎక్కువ.

రెండో ప్రశ్నకు వస్తే, ఆధారం అన్నిటికంటే గట్టిగా ఉన్నది నిద్ర విషయంలో. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 12 మందిని ప్రయోగశాలలో ఉంచి, వరసగా ఐదు రాత్రులు పడుకునే ముందు నాలుగు గంటల పాటు వెలుగు చిమ్మే తెర మీద చదివించారు, మరో ఐదు రాత్రులు అచ్చు పుస్తకం చదివించారు. తెర మీద చదివినప్పుడు నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే హార్మోను విడుదల గంటన్నర ఆలస్యమైంది, నిద్ర పట్టడానికి దాదాపు పది నిమిషాలు ఎక్కువ పట్టింది, మర్నాడు పొద్దున మందకొడితనం పెరిగింది. ఈ ప్రయోగం తరవాత నీలికాంతి మీద విపరీతమైన ప్రచారం జరిగి, కళ్లద్దాలూ ఫిల్టర్లూ బాగా అమ్ముడుపోయాయి. అసలు లెక్కేస్తే, నాలుగు గంటల వెలుతురుకు పోయింది పది నిమిషాలు. రీల్సు ఒకదాని వెనక ఒకటి చూస్తూ పదకొండింటికి పడుకోవాల్సిన మనిషి ఒంటిగంటకు పడుకుంటే పోయేది రెండు గంటలు. తెరను పసుపు రంగులోకి మార్చినందువల్ల ఆ రెండు గంటలు వెనక్కి రావు. నిద్రకు ముందు చూసిన వార్తో, కామెంట్లలోని తిట్టో, ఆఫీసు గ్రూపులో వచ్చిన మెసేజో మనసును రేపి ఉంచడం మూడో కారణం.

నిద్ర తగ్గితే ఆందోళన ఎందుకు పెరుగుతుందో మెదడు స్కాన్లు కొంతవరకు చూపించాయి. 2007లో జరిగిన ఒక ప్రయోగంలో 35 గంటలు మేలుకున్నవారికి బాధ కలిగించే బొమ్మలు చూపినప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం మామూలుగా నిద్రపోయినవారి కంటే 60 శాతం ఎక్కువగా ఉలిక్కిపడింది. దాన్ని అదుపులో ఉంచే నుదుటి వెనక భాగంతో దాని సంబంధం సడలింది. రోజూ గంటో రెండు గంటలో నిద్ర కోల్పోయేవారిలో ఇంత తీవ్రత ఉండదు. అయినా చిన్న మాటకే చిరాకు, అకారణమైన కంగారు, ఏదో చెడు జరగబోతోందన్న భావన నిద్ర చాలనివారికి అనుభవంలో ఉన్నవే. ఫోను మెదడుకు చేసే హానిలో ఎక్కువ భాగం ఈ దారినే వస్తోందనుకోవడానికి బలమైన కారణాలున్నాయి. దిద్దుకోవడానికి సులువైన దారి కూడా ఇదే: ఫోను ఛార్జరును పడకగది బయటికి మార్చి, పొద్దున లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కోవడం.

ఏకాగ్రత విషయంలో కొంత ఆచితూచి మాట్లాడాలి. ఫోను బల్ల మీద ఊరికే పడి ఉన్నా ఆలోచనాశక్తి తగ్గుతుందని 2017లో అమెరికా పరిశోధకులు చెప్పింది చాలా పేరు తెచ్చుకుంది, కాని తరవాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవారందరికీ అదే ఫలితం రాలేదు. ఫోను మోగినప్పుడు చేస్తున్న పని చెదిరిపోవడం మాత్రం ఎవరూ కాదనలేనిది. దీని పర్యవసానం రోడ్డు మీద ప్రాణాంతకం. టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను ప్రమాద సమయాలతో సరిచూసి 1997లో ప్రకటించిన అధ్యయనం, ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లని తేల్చింది. చేతులు వాడకుండా మాట్లాడే పరికరాలతోనూ ముప్పు తగ్గలేదు. మెడ ఒకవైపు వంచి భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, లేదా హెల్మెట్లోకి ఫోను దోపి బండి నడిపేవారు మన ప్రతి కూడలిలోనూ కనిపిస్తారు. ఫోను వల్ల మెదడుకు నిశ్చయంగా, నేరుగా తగలగల దెబ్బ అదే.

ఇక ఆందోళన. దీన్ని దగ్గరగా చూడటానికి వాట్సాప్‌లోని రెండు నీలి టిక్కులు చాలు. 2014 నవంబరులో వచ్చిన ఈ చిన్న సదుపాయం, మెసేజ్ చేరిందా అన్న సందేహాన్ని తీర్చి, చదివి కూడా ఎందుకు జవాబివ్వలేదన్న కొత్త సందేహాన్ని తెచ్చింది. గుంటూరులో ఉన్న తల్లి డాలస్‌లో ఉన్న కొడుక్కి రాత్రి మెసేజ్ పెడుతుంది. టిక్కులు నీలం కాలేదు. చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్లో ఉన్నాడో చూస్తుంది, పది నిమిషాల తరవాత మళ్లీ చూస్తుంది. అక్కడ జరిగిన కాల్పుల వార్త ఏదో అప్పుడే తెర మీదికి వస్తుంది. కొడుకు పనిలో ఉండి ఫోను పక్కన పెట్టాడంతే. కాని చూసిన ప్రతిసారీ ఆమె కంగారు ఒక్క క్షణం సద్దుమణిగి, మరుక్షణం రెట్టింపయింది. అనిశ్చితిని భరించలేకపోవడం ఆందోళన రుగ్మతల మూలాల్లో ఒకటని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. మళ్లీ మళ్లీ చూసుకోవడం వల్ల కలిగే ఆ క్షణకాలపు ఊరటే అలవాటును బిగిస్తుంది, ఊరట ఎప్పుడు దొరుకుతుందో తెలియకపోవడం దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. పూర్వం ఉత్తరం కోసం వారం ఆగిన మనిషికి ఎదురుచూపు ఉండేది గాని, నిమిషానికోసారి తపాలా పెట్టె తెరిచే వీలు ఉండేది కాదు. మోగని ఫోను జేబులో మోగినట్టు అనిపించడం కూడా ఈ నిరంతర అప్రమత్తత లక్షణమే; అమెరికాలో వైద్య సిబ్బందినీ కళాశాల విద్యార్థులనూ అడిగినప్పుడు అత్యధికులు ఈ అనుభవం తమకుందని చెప్పారు.

ఫోను ద్వారా వచ్చే ఆందోళన అంతా మనసు కల్పించుకున్నది కూడా కాదు. 2020 చివర్లో తెలంగాణలో అప్పుల యాప్‌ల ఆగడాలు బయటపడినప్పుడు, కొద్ది వేల రూపాయల బాకీకి ఏజెంట్లు బాధితుల ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోటోలు పంపి, మోసగాడని ముద్రవేసి పరువు తీశారని తేలింది. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు, పోలీసులు అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు తెచ్చిన మార్గదర్శకాలు యాప్‌లు కాంటాక్టులనూ ఫోటోలనూ తవ్వుకోకూడదని నిషేధించాక గాని దీనికి ఒక అడ్డుకట్ట పడలేదు. ఆ పై, పోలీసులమని నమ్మించే 'డిజిటల్ అరెస్టు' మోసాలు వచ్చి వృద్ధులను రోజుల తరబడి వీడియో కాల్‌లో బంధించి భయపెడుతున్నాయి. ఇలాంటివారికి ఫోను తగ్గించమని చెప్పే సలహా చాలదు. వారి గుండెదడకు కారణం మెదడు లోపల లేదు. తప్పు చేసినవాణ్ని పట్టుకోవడమే అక్కడ చికిత్సలో మొదటి భాగం.

ఫోను వాడకం పెరిగినందువల్లే కౌమార వయసులో ఆందోళన, కుంగుబాటు పెరుగుతున్నాయా అన్న పెద్ద ప్రశ్న మీద పండితుల మధ్య గట్టి తగాదా నడుస్తోంది. 2010ల తొలి సంవత్సరాల నుంచి పాశ్చాత్య దేశాల్లో కనిపిస్తున్న పెరుగుదలకు స్మార్ట్‌ఫోనే ప్రధాన కారణమని జొనాథన్ హైట్, జీన్ ట్వెంగీ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. ఆధారాలు అంత దూరం పోనివ్వవని కాండిస్ ఆడ్జర్స్ వంటి పరిశోధకులు ఆక్షేపిస్తున్నారు. 3,55,358 మంది కౌమారుల సమాచారాన్ని విశ్లేషించి 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ ప్రకటించిన ఫలితం ప్రకారం, వారి మానసిక క్షేమంలో ఉన్న హెచ్చుతగ్గుల్లో డిజిటల్ పరికరాల వాడకంతో వివరించగలిగేది గరిష్ఠంగా 0.4 శాతమే. ఈ అంకెను చూపించి ఫోను నిరపాయమని తేల్చేయడం కూడా తొందరపాటే. సగటు లెక్కలో, వీడియో పాఠం చూసే అమ్మాయి గంటా, అర్ధరాత్రి తన రూపాన్ని ఇతరులతో పోల్చుకుని కుమిలే అమ్మాయి గంటా ఒకే గంటగా నమోదవుతాయి. పైగా కంగారుపడే పిల్లలే ఊరట కోసం ఫోనును ఎక్కువగా ఆశ్రయిస్తారు కనుక, ఏది కారణమో ఏది ఫలితమో సర్వేలు విడదీయలేవు.

విడదీయగలిగేవి ప్రయోగాలు. 2018 అమెరికా ఎన్నికల ముందు దాదాపు 2,700 మందిని తీసుకుని, వారిలో కొందరి చేత నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ మాన్పించినప్పుడు వారికి రోజుకు గంట సమయం మిగిలింది, సంతోషం కొంచెం పెరిగింది, ఆందోళన కొంచెం తగ్గింది. మార్పు చిన్నదే, కాని నిజమైనది. 2025లో వెలువడిన మరో ప్రయోగం 467 మంది ఫోన్లలో రెండు వారాల పాటు ఇంటర్నెట్‌ను ఆపివేయించింది. కాల్స్, ఎస్ఎంఎస్‌లు యథాతథంగా ఉంచారు, కంప్యూటరులో ఇంటర్నెట్ వాడుకోనిచ్చారు. చాలామంది నిబంధనను చివరిదాకా పాటించలేకపోయినా మొత్తం మీద ఏకాగ్రత, మానసిక స్థితి మెరుగుపడ్డాయి. మనుషులను కలవడానికీ, నడకకూ, నిద్రకూ సమయం పెరగడం అందుకు ఒక కారణమని తేలింది. ఆ రెండు వారాల్లోనూ వారి జేబులో ఫోను ఉంది, సిగ్నల్ ఉంది, తరంగాలు ఉన్నాయి. మెరుగుదల వచ్చింది తరంగాలు తగ్గినందువల్ల కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

పసిపిల్లల విషయంలో మాత్రం ఊగిసలాటకు చోటు లేదు. చందమామను చూపించి గోరుముద్దలు తినిపించిన చోట ఇప్పుడు ఫోనును గ్లాసుకు ఆనించి పెట్టి అన్నం పెడుతున్నారు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంటకు మించరాదనీ భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతోంది. జపాన్‌లో 7,097 మంది పిల్లల మీద జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది వయసులో తెర ఎంత ఎక్కువ చూస్తే రెండు, నాలుగేళ్ల వయసులో మాటల ఎదుగుదల అంత వెనకబడే అవకాశం కనిపించింది. బిడ్డకు మాట వచ్చేది ఎదుటి మనిషి ముఖం చూసి, తన ఊకొట్టుకు బదులు వచ్చినప్పుడు. వీడియోలోని పాట ఎంత మంచిదైనా ఆ బిడ్డ శబ్దానికి బదులు చెప్పదు. పొద్దంతా కష్టపడి వచ్చిన తల్లి వంట చేసుకునే పావుగంట బిడ్డకు ఫోను ఇచ్చిందని తప్పుపట్టడం అన్యాయం. ఇంట్లో మిగతా పెద్దలు ఆ సమయంలో ఏ తెర చూస్తున్నారో అడగడం న్యాయం. కాస్త పెద్ద పిల్లల సంగతి, గ్రామీణ పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదికలో ఉంది: గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల వారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు, అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు వారికి సోషల్ మీడియా ఖాతాలను నిషేధించింది. దాని ఫలితాలు తేలడానికి సమయం పడుతుంది గాని, ఎస్‌ఏఆర్ విలువను పెట్టె మీద రాయించినంత శ్రద్ధతో, అంతులేకుండా సాగే వీడియోల వరస వంటి రూపకల్పనలను కూడా ప్రభుత్వాలు ప్రశ్నించడం మొదలైందనడానికి అది గుర్తు.

ఎప్పుడు దీన్ని అలవాటుగా కాక సమస్యగా చూడాలన్నది చివరి ప్రశ్న. ఎన్ని గంటలు వాడుతున్నారన్న లెక్క కంటే, ఏం పోగొట్టుకుంటున్నారన్నది చూడాలని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు: నిద్ర పోతోందా, చదువో ఉద్యోగమో దెబ్బతింటోందా, ఫోను తీసుకుంటే కోపం అదుపు తప్పుతోందా, ఇష్టమైన మనుషులను కలవడం మానేశారా. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ఇందుకు ప్రత్యేక విభాగం నడుస్తోంది. అతి వాడకం వెనక ఆందోళనో కుంగుబాటో దాగి ఉన్నప్పుడు ఫోను లాక్కుంటే జబ్బు పోదు, ఉన్న ఒక్క ఊతమూ పోయినట్టవుతుంది. అక్కడ ముందు ఆందోళనకు వైద్యం జరగాలి. ఆ వైద్యంలో ఒక భాగం, ఫోను చూడాలనిపించినప్పుడు వెంటనే చూడకుండా ముందు ఐదు నిమిషాలు, తరవాత పదిహేను నిమిషాలు, ఆపైన గంట ఆగడం నేర్పడం, ఆ ఆగిన సమయంలో భయపడినది జరగలేదని మనిషి తనకు తానే గమనించేలా చేయడం. ఖర్చు లేకుండా, తెలుగులోనే ఒక నిపుణుడితో మాట్లాడాలనుకునేవారికి 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది.